తలుపు దగ్గర మనిషి

"తుమ్మావు కదమ్మా. లోపలికి వద్దు."

వార్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు ముసలాయన.

"జలుబేగా బాబాయ్! లోపల మా అక్క ఉంది. మాటల్లేక ఎన్నాళ్లయిందో. ఇవాళ పంతం చంపుకుని వచ్చాను."

"తగ్గాక రా తల్లీ. దండం పెడతాను."

లోపల మంచం మీద టైలరమ్మకి అంతా వినిపిస్తూనే ఉంది. చెల్లెలి గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. పిలుద్దామంటే నోటినిండా పుళ్లు. గొంతు పెగల్లేదు.

"ఓహో, మనిషిని పెట్టి మరీ గెంటిస్తోందా? అంత పొగరా?"

చెల్లెలి చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

టైలరమ్మ ముసలాయన మీద పళ్లు నూరింది.

ఆమెకి ఒళ్లంతా బొబ్బలు. చితికిన చోటల్లా పచ్చి పుండు. మాత్రలు ఎంత పెంచినా జబ్బు లొంగలేదు. చివరికి డాక్టరు సెలైన్‌లో కలిపి కొత్త మందు ఎక్కించాడు.

"రోగాలతో పోరాడాల్సిన శక్తే నీ చర్మం మీద పడిందమ్మా. ఈ మందు దాన్ని అణిచేస్తుంది. బొబ్బలు ఎండుతాయి. కానీ అది పనిచేసినన్నాళ్లూ ఎవరి జలుబు సోకినా నీ ప్రాణం మీదకొస్తుంది" అన్నాడు.

ఆ మాట చెవికెక్కితేగా!

"నా చెల్లెల్ని నాకు కాకుండా చేశాడు. వీణ్ణి వదలను" అనుకుంది.

మర్నాడు కట్లు మార్చడానికొచ్చిన నర్సుతో వచ్చీరాని గొంతుతో చెప్పింది.

"నా వీపు మీద బట్ట తీసినప్పుడల్లా ఆ ముసలాడు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నాడు."

పచ్చి అబద్ధం.

సెక్యూరిటీ వాళ్లు వచ్చి ముసలాయన కాలర్ పట్టుకున్నారు. అందరూ ఛీ అంటున్నా ఆయన తన గురించి ఒక్క ముక్క చెప్పుకోలేదు.

"వెళ్తాను బాబూ. జలుబున్నవాళ్లని మాత్రం రానివ్వకండి" అన్నాడు.

టైలరమ్మ కడుపు చల్లబడింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేయించింది.

చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని తనివితీరా ఏడ్చారు. మధ్యమధ్య చెల్లెలు చీదుతూనే ఉంది.

ఆ తర్వాత టైలరమ్మకి ఊపిరందలేదు. న్యుమోనియా అన్నారు. చావుని చూసి వెనక్కొచ్చింది.

లేచి కూర్చోగలిగాక పెద్ద సిస్టర్‌ని పిలిచింది.

"అతను ఏ పాపం చేయలేదు సిస్టర్. కసికొద్దీ నేనే అబద్ధం చెప్పాను. ఒక్కసారి పిలిపించండి, కాళ్లు పట్టుకుంటాను."

సిస్టర్ తల అడ్డంగా ఊపింది.

"ఎక్కడని వెతుకుతాం? ఆయన ఇక్కడ పనిచేసే మనిషి కాదమ్మా. ఆ రోజు పోయినవాడు మళ్లీ కనబడలేదు."

"మరి రోజూ ఆ తలుపు దగ్గరే ఎందుకు నిలబడేవాడు?"

"నిరుడు వాళ్లావిడ ఇదే జబ్బుతో ఇక్కడుండేది. బొబ్బలన్నీ మానిపోయాయి, రేపోమాపో ఇంటికి పంపిద్దామనుకున్నాం, ఇంతలో జలుబు సోకి పోయింది. జలుబుతో ఉండి కూడా, చూడకుండా ఉండలేక ఆ తలుపు తోసుకుని లోపలికొచ్చింది ఆయనే."