చిన్న చేతికి నాబ్

మిన్నెసోటాలో ఆ హార్డ్‌వేర్ షాపు కట్టేసే వేళయింది. హాల్వర్ మాత్రం టీ-ట్రాక్‌లనే గాడి పట్టీల ముందు నుంచి కదలడం లేదు. అల్యూమినియం పట్టీ గాడిలోకి బోల్టు దూర్చి, ముందుకీ వెనక్కీ జరిపి, నచ్చక లాగేసి, ఇంకోటి దూరుస్తున్నాడు.

"రంపం మిషన్‌కి రెండు వేళ్ళు బలిచ్చింది చాల్లేదా?" అతని భార్య లొరీన్ కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతోంది. "మళ్ళీ దాని జోలికి పోనని ఒట్టేశావ్!"

"చెక్కని ఈ గాడికి బిగించేస్తే, చెయ్యి రంపం దాకా పోనే పోదు."

"నీ మాటలు నేను నమ్మాలి! అక్కడ ఇంట్లో రాత్రి భోజనానికని ఓవెన్లో పెట్టిన హాట్‌డిష్ మాడిపోతోంది."

అతను బోల్టు బిగించే నాబ్ ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "తిప్పు."

"నేనెందుకు?" అంటూనే తిప్పింది. "పెద్దదిది. పట్టు దొరకట్లేదు."

"అయితే ఈ చిన్నది చూడు."

"నీ చేతికి కొంటూ నన్ను తిప్పమంటావేంటి, మతిపోయిందా?"

హాల్వర్ ఆమె స్వెటర్ మెడ మడతలో వేలు పెట్టి తీసి చూపించాడు. వేలికి ఎర్రటి చెర్రీ చెక్క పొడి అంటుకుంది.

"నేను ఆ మిషన్ స్విచ్ వేసి ఏడాదయింది, లొరీన్. నేను చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడల్లా గ్యారేజీలో ఏం కోస్తున్నావో అడగను. నీ వేళ్ళు పదీ ఉన్నాయి. ఉండనీ."

లొరీన్ నిలబడిపోయింది. చిన్న నాబ్ అందుకుని బిగించి చూసింది.

"హాట్‌డిష్ మాడితే మాడనీ," అంది. "ఇలాంటిది ఇంకోటి తియ్యి."