నిచ్చెన కింద మనిషి

"చేతులెత్తండి" అనకముందే సగం మంది ఎత్తేశారు.

జీతాలు పెరుగుతాయంటే ఎవరికి చేదు!

ఆ నాటకశాలలో తెర లాగేవాళ్లు, లైట్లు చూసేవాళ్లు, సీట్లు చూపించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, అందరికీ కలిపి ఒకటే సంఘం. దానికి కార్యదర్శి, టికెట్ కౌంటర్‌లో కూర్చునే అక్క. నిజానికి ఆవిడ అక్కయ్యేది ఒక్క తమ్ముడికే. హాలంతా మాత్రం అక్కా అనే పిలుస్తారు. ఆ తమ్ముడు కూడా అక్కడే లైట్లు బిగిస్తాడు.

అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది అక్కే. వాడు తప్ప ఆవిడకి వేరే లోకం లేదు.

కొత్త ఒప్పందం అక్క గట్టిగా చదివి వినిపించింది. యాజమాన్యం అందరికీ జీతం పెంచుతానంది. పెంచుతూనే ఒక మెలిక పెట్టింది. పాత ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. లైట్లు బిగించేవాడు నిచ్చెనెక్కినప్పుడల్లా కింద ఇంకో మనిషి దాన్ని పట్టుకుని నిలబడాలి, అతనికీ పూర్తి జీతం ఇవ్వాలి అని. అది తీసెయ్యాలి.

"ఇప్పుడు నిలబడేవాణ్ణి గేటు పనిలోకి మారుస్తారు. ఎవరి పొట్టా కొట్టడం లేదు" అంది అక్క.

"అసలు నిచ్చెనకి కాపలా ఏమిటక్కా, అదేమన్నా పారిపోతుందా?" అన్నాడు తమ్ముడు.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఎక్కేవాడే అలా అంటే ఇంక అడ్డేముంది!

అప్పుడు చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. వెలిసిపోయిన చీర, చేతిలో గుడ్డసంచి. అరవై దాటి ఉంటాయి. అక్కడెవరూ ఆవిణ్ణి ఎరగరు.

"ఇవాళ ఆట లేదు పెద్దమ్మా" అంది అక్క.

"ఆటకి రాలేదమ్మా. నిచ్చెన సంగతి తీసేస్తున్నారటగా. తియ్యొద్దని చెబ్దామని వచ్చాను."

"మీరిక్కడ పనిచేస్తారా?"

"లేదమ్మా."

"మీవాళ్లెవరైనా?"

"ఇప్పుడెవరూ లేరు."

అక్కకి అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకుంది. ఊరికే నిలబడే పని కదా, కొడుక్కో మనవడికో వేయించుకుందామని వచ్చేవాళ్లకి ఆ గుమ్మంలో కొదవ లేదు.

"మీ అబ్బాయికి పని కావాలంటే ఆఫీసులో అడగండి. సభ్యులు కానివాళ్లు ఇక్కడ మాట్లాడకూడదు."

"ఒక్క మాట చెప్పి పోతానమ్మా. ఆ వేదిక వాలు..."

"పెద్దమ్మా, మా తిప్పలు మాకున్నాయి. ఇంక దయచెయ్యండి."

"పోనీలే అక్కా, నేను పడితే మామ్మే వచ్చి పట్టుకుంటుంది!" అన్నాడు తమ్ముడు. మళ్లీ నవ్వులు.

ఆవిడ వాడివైపు చూసింది. కోపం తెచ్చుకోలేదు. "జాగ్రత్త నాయనా" అని, సంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

లేచిన చేతుల్ని అక్క లెక్కపెట్టను కూడా లేదు. లేవని చెయ్యి ఒక్కటీ లేదు మరి. ఒప్పందం ఖాయమైంది.

కొత్త జీతం అందిన రోజున తమ్ముడు అక్కకి చెప్పులు కొనుక్కొచ్చాడు.

"పిన్నీసు పెట్టిన చెప్పులేసుకుని తిరిగితే కార్యదర్శికి ఎంత నామోషీ! ఇవి తొడుక్కో" అన్నాడు.

"డబ్బులు తగలేశావు" అని తిట్టింది అక్క. తిడుతూనే తొడుక్కుంది.

ఆ తర్వాత కొత్త నాటకమొకటి వచ్చింది. దానికి లైట్లు బిగించాలి.

వెనక నటించేవాళ్లు కూడా కనబడాలని ఆ వేదికని ప్రేక్షకుల వైపు కొంచెం వాలుగా కట్టారు. ఆ వాలు కంటికి ఆనదు. చక్రాల నిచ్చెనకి మాత్రం తెలుస్తుంది. తమ్ముడు బ్రేకు వేసే ఎక్కాడు. పైన లైటు తిప్పబోయి పక్కకి వంగాడు. నిచ్చెన జారింది.

కింద ఎవరూ లేరు.

కౌంటర్‌లో అక్క ఎవరికో చిల్లర ఇస్తోంది. చప్పుడు విని, లోపల బల్లేదో పడిందనుకుంది.

ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ, వాడు దక్కలేదు.

వరండాలో బెంచీ మీద కూలబడింది అక్క. కంట చుక్క రావడం లేదు. "నేనే కదా చదివాను, నేనే కదా చేతులెత్తమన్నాను" అని ఒకటే మాట.

ఎవరో వచ్చి పక్కన కూర్చుని ఆవిడ తలని భుజానికి ఆనించుకున్నారు. చూస్తే, ఆ పెద్దావిడ. అప్పుడే చెప్పానుగా అని ఒక్క మాట అనలేదు. అప్పుడు పొంగుకొచ్చింది అక్కకి ఏడుపు.

సంఘం మళ్లీ కూడింది. పెంచిన జీతం వదులుకుని ఆ వాక్యాన్ని తిరిగి పెట్టించుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చి గేటు దగ్గర ముసలి వాచ్‌మన్‌ని పట్టుకుంది అక్క.

"తాతా, ఆ రోజు ఆవిణ్ణి లోపలికి రానిచ్చింది నువ్వేగా?"

"రానివ్వడమేంటమ్మా, కబురు పెట్టిందే నేను. నేనా కాంట్రాక్టు మనిషిని, సంఘంలో సభ్యుణ్ణి కాను, నా మాట ఎవరు వింటారు? ఆవిడ మాటైనా వింటారనుకున్నాను. ఆసుపత్రికీ నేనే కబురంపాను."

"ఎవరు తాతా ఆవిడ?"

ముసలాయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"మీరెవరూ ఇక్కడ చేరకముందు, ఆవిడ మొగుడు లైట్లు బిగిస్తూ అదే చోట నిచ్చెన మీంచి పడి చనిపోయాడమ్మా. యాజమాన్యం పరిహారం తెచ్చి చేతిలో పెడితే, చంకలో పసిబిడ్డ ఉండి కూడా అది వెనక్కిచ్చేసి, బదులుగా ఆ ఒక్క వాక్యం మీ ఒప్పందంలో రాయించి వెళ్లిపోయింది."