వంకరాయన బండి

"చూశావామ్మా, మళ్ళీ వంకరగానే పెట్టాడు!"

సెల్లార్‌లోకి కారు దింపుతూనే మొదలెట్టాడు డాక్టరు.

డాక్టరంటే పళ్ళ డాక్టరు. వంకర పళ్ళకు తీగలు బిగించి వరసలో నిలబెట్టడం అతని వృత్తి. పొద్దస్తమానం అదే పనిచేసే మనిషికి ఎక్కడ వంకర కనిపించినా చేతులు దురదపెడతాయి మరి.

పక్క పార్కింగు గడిలో ఓ పాత చిన్నకారు ఉంది. చక్రం అవతలి గీత ఎక్కేసింది. ఒళ్ళంతా ఆ పక్కనున్న స్తంభానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. డ్రైవర్ వైపు తలుపు తెరుచుకోక, డెబ్బై దాటిన పెద్దాయన గేరు మీదుగా పక్క సీట్లోకి పాకి, అటువైపు నుంచి దిగుతున్నాడు.

"ఇలాంటివాళ్ళకి లైసెన్సు ఎవరిస్తారో!"

"పోనీలేరా, పెద్దవాడు" అంది అమ్మ.

ఆవిడకు తుంటి ఆపరేషన్ అయింది. వంగి కూర్చునే కార్లు పడవు. అందుకే అతను ఈ ఎస్‌యూవీ కొన్నాడు. చూడ్డానికి పొట్టి, హంగులకు గట్టి. సీటు సరిగ్గా అమ్మకు అందే ఎత్తులో ఉంటుంది.

బండి వచ్చీ రాగానే అమ్మ ఆ ఖరీదైన తోలు సీటు మీద పాత దుప్పటి పరిచింది. పైకప్పు అద్దం తెరవనివ్వలేదు. ఏది అడ్డమొచ్చినా కుయ్‌కుయ్‌మని అరిచే ఆ బండికి 'నోరున్న కోడలు' అని పేరు పెట్టింది. పెళ్ళి మాటెత్తని కొడుక్కి అదో చురక.

ఏడాదిగా గడప దాటని మనిషి ఇప్పుడు వ్యాయామం చేయించే క్లినిక్‌కి వెళ్తోంది, చెల్లెలింటికి వెళ్తోంది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ మొహం చూస్తే అతనికి కడుపు నిండిపోతుంది.

చిక్కల్లా దిగే దగ్గరే. భవనం ముందువైపు తొమ్మిది మెట్లు. సెల్లార్ దారంతా ఏటవాలు, వాకర్ నిలవదు. ఇక ఆవిడ దిగగలిగేది తమ గడిలోనే. ఒకవైపు గోడ, అమ్మ దిగే వైపు పెద్దాయన బండి.

ఓ ఆదివారం డాక్టరే పూనుకుని పెద్దాయనకు పాఠం చెప్పాడు.

"బాబాయిగారూ, అద్దంలో గీత కనబడేదాకా వెనక్కి రండి. ఇప్పుడు తిప్పండి. నిదానంగా..."

పెద్దాయన బుద్ధిగా తలూపి, చెప్పినట్టే చేశాడు. బండి దారం పట్టి గీసినట్టు గీతల మధ్య నిలిచింది.

"చూశారా, ఎంత తేలికో!"

"మీరు బాగా చెప్తారు బాబూ" అన్నాడు పెద్దాయన.

మర్నాడు సాయంత్రం బండి మళ్ళీ స్తంభాన్ని వాటేసుకునే ఉంది. కుక్కతోక వంకరని ఊరికే అన్నారా!

కొత్త బండికి ఎప్పుడు గీత పడుతుందోనని డాక్టరు అసోసియేషన్‌లో ఫిర్యాదు చేశాడు. మీటింగులో అందరూ ఆలోచించి పెద్దాయనకు చివరి మూల గడి ఇచ్చారు. డాక్టరు పక్కన బ్యాంకు మేనేజరును వేశారు.

పెద్దాయన ఏదో చెప్పబోయి, కుర్చీలో కూర్చున్న అమ్మ వైపు చూసి ఆగిపోయాడు.

"అలాగేనండీ. మేనేజరుగారి బండి వెడల్పెంత?" అని మాత్రం అడిగాడు.

అందరూ నవ్వారు.

మేనేజరు పద్ధతైన మనిషి. ఆ మర్నాడే తన పెద్ద కారును రెండు గీతల మధ్యా కొలిచినట్టు నిలిపాడు. డాక్టరు కళ్ళు చల్లబడ్డాయి.

క్లినిక్ నుంచి తిరిగొచ్చిన అమ్మ తలుపు తీసింది. జానెడు తెరుచుకుని ఆగిపోయింది.

ఒక కాలు బయటికొచ్చింది. రెండోది రాలేదు. వాకర్ పెట్టే చోటు లేదు. కారును మళ్ళీ దారిలోకి తీసి, ఏటవాలులో అమ్మను దాదాపు ఎత్తి దించాల్సొచ్చింది. వెనక రెండు బండ్లు హారన్లు కొడుతున్నాయి.

"ఇంక నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళకురా" అంది అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

డాక్టరు ఆ రాత్రే మేనేజరు తలుపు తట్టాడు.

బండిని స్తంభం వైపు జరిపి పెట్టమని బతిమాలాడు. ఆయన కాదనలేదు. పదిరోజులు ప్రయత్నించి, పక్క అద్దం విరగ్గొట్టుకుని చేతులు జోడించాడు.

"ఆ స్తంభానికి అంత దగ్గరగా నిలపడం మానవమాత్రుడి వల్ల కాదండీ!"

అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది.

"ఆ పెద్దాయన నేను కనబడినప్పుడల్లా అడిగేవాడురా, తలుపు బార్లా తెరుచుకుంటోందా అక్కయ్యగారూ అని. ఉత్త పలకరింపనుకున్నాను."

డాక్టరు ఉన్నపళంగా మూల గడి దగ్గరికి పరిగెత్తాడు. అది ఖాళీగా ఉంది.

"వారం క్రితమే బండి అమ్మేసి, తమ్ముడిగారి ఊరికి వెళ్ళిపోయారండీ" అన్నాడు వాచ్‌మన్.

"ఫోన్ నంబరుందా?"

"లేదండీ. ఊరు పేరు కూడా చెప్పలేదు."

"నేనాయనకి బండి నిలపడం నేర్పానయ్యా..." అన్నాడు డాక్టరు, ఖాళీ గడిలోకి చూస్తూ. "అసలాయన ఏం చేసేవారు?"

"మా బావమరిది ఆయన శిష్యుడేనండీ. ముప్పై రెండేళ్ళు అంబులెన్సు డ్రైవర్లకి పాఠాలు చెప్పారు... రోగి దిగే తలుపు బార్లా తెరుచుకోవాలి, డ్రైవరు ఎలాగోలా దిగుతాడు అన్నదే ఆయన మొదటి పాఠమటండీ."