అద్దం వెనక అత్తయ్య

“నాకు చెవుడా? చెవుడైతే, వెనకాల మీరు ‘ముసలావిడ’ అని గొణగడం ఎలా వినపడింది సార్?”

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. బస్టాండు ఎంక్వైరీ కిటికీలో ఇరవయ్యారేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడను డిపోలో అందరూ అత్తయ్య అంటారు. చుట్టూ సద్దుమణిగి ఉంటే ఆవిడకు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. చిక్కల్లా రద్దీలోనే. హారన్లూ ఇంజన్లూ మొదలయ్యాయంటే మాటలన్నీ కలగాపులగం. అద్దానికి అవతలున్న మైకు ఆ గోలనే ఇంకాస్త పెంచి ఇటు పోస్తుంది.

“యాభై ఎనిమిదేళ్ళకి అది మామూలేనమ్మా. రికార్డు రూములో ప్రశాంతంగా కూర్చోండి. ఇక్కడికి కొత్త క్లర్కు వస్తాడు.”

కిటికీ కూడా లేని ఆ గదిలో, పాత కాగితాల మధ్య, రిటైరయ్యేదాకా పడి ఉండాలా? అత్తయ్యకు ఒళ్ళు మండింది.

“అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడాలి గానీ, గిన్నె పాతదని పారబోస్తారా? రేపు పదింటి రద్దీలో పోటీ పెట్టండి. నాకు పదిమంది, అతనికి పదిమంది. మీరు బయట నిలబడి వినండి. ఓడితే నేనే లేచిపోతాను.”

మర్నాడు అత్తయ్య అందరికంటే ముందే వచ్చింది. గది ఊడ్చి, బల్ల కిందా పైనా తుడిచి, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పదయ్యింది. చంకలో ఫైలు తప్ప సంచీ కూడా లేని మనిషి వచ్చి ఏదో అడిగాడు.

“కోర్టుకేగా? నాలుగో ప్లాట్‌ఫారం.”

అతను తలూపి వెళ్ళాడు. పసిబిడ్డతో, ఫ్లాస్కుతో వచ్చినావిడకు ఆసుపత్రి బస్సు చూపించింది. పెట్టె ఈడ్చుకుంటూ రొప్పుతూ వచ్చినాయనతో, “తప్పిపోయిందా బస్సు? పావుగంటలో ఇంకోటుంది” అంది. పదికి పది.

తర్వాత క్లర్కు కూర్చున్నాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. మొదటి మనిషికే, “ఏంటండీ? మళ్ళీ చెప్పండి” అన్నాడు. అద్దానికి చెవి ఆనించాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సినాయన్ని స్టేడియం బస్సెక్కించాడు. పదికి మూడు.

“ఏమీ వినపడట్లేదు సార్. ఆ మైకు...”

“అదే కుర్చీ, అదే మైకు. ఆవిడకెలా వినపడిందయ్యా?” మేనేజరు కసిరాడు. “ఈ వయసులోనే చెవులు పోయాయా?”

క్లర్కు ముఖం మాడిపోయింది. అత్తయ్యకు జాలేసింది.

“దిగులుపడకు నాయనా. నీ చెవులు బంగారం. ఈ కుర్చీకి కావాల్సింది అవి కాదు, అంతే. రోజూ ఓ గంట వచ్చి పక్కన కూర్చో, నేర్పిస్తాను.”

మేనేజరు రికార్డు రూము ఆర్డరును చింపేశాడు. అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుని, “ఆఁ, తర్వాత” అంది. క్యూ కదిలింది.

మైకు వైరు పొద్దుటి నుంచీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.