కదలని కనెక్షన్

“ఈ యాంటెన్నా ఊడదీసి ఇంకో ఇంట్లో పెట్టుకుంటే పనిచేస్తుందా అమ్మా?” టీ గ్లాసు అందిస్తూ అడిగాడు ఇంటాయన.

“చెయ్యదండీ,” అంది ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే అమ్మాయి. “మేడ మీద బిగించి, టవర్ వైపు గురిచూసి పెడతాం. ఈ ఇంటికే పరిమితం. అందుకే స్పీడు నిలకడగా ఉంటుంది.”

“మరి నువ్వు చెప్పిన రెండో రకం?”

“సిమ్ వేసుకునే చిన్న డబ్బా. సంచిలో పడేసుకుని ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు. ఏ టవర్ దగ్గరుంటే దాన్ని అందుకుంటుంది. కాకపోతే వాడేవాళ్ళు ఎక్కువైతే నెమ్మదిస్తుంది.”

“చెల్లీ, నాకు ఆ రెండోదే ఇవ్వు.”

మూసి ఉన్న గదిలోంచి వచ్చిందా గొంతు. మరీ కిందనుంచి, తలుపుకి ఆనుకుని నేలమీద కూర్చున్నట్టు.

ఆయన నవ్వాడు. “మా ఆవిడ. ఎండ పొడ గిట్టదు. వీధి మొహం చూసి మూడేళ్ళయింది. అలాంటిదానికి సంచిలో ఇంటర్నెట్టట!”

“వెళ్తానేమో. మా అక్క దగ్గరికి.”

“వెళ్దువుగానిలే బంగారం. ముందు నీకు మంచిది పెట్టించనీ.”

అమ్మాయికి ముచ్చటేసింది. వంటా ఆయనే, అంట్లూ ఆయనే. భార్య ఇంట్లో కూర్చుని గీసే బొమ్మల పని ఎక్కడ పోతుందోనని ఆరాటమూ ఆయనదే. తనకైతే ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చినా ‘తిన్నావా’ అని అడిగే దిక్కు లేదు.

“సార్ చెప్పిందే మేలక్కా,” అంది తలుపు వైపు తిరిగి. “బొమ్మలు పంపాలంటే స్పీడు కావాలిగా. ఎలాగూ ఇంట్లోనే ఉంటారు.”



“నువ్వు కూడానా చెల్లీ?”

అమ్మాయి ‘జబ్బు మనిషి, చాదస్తం కాబోలు’ అనుకుని మేడెక్కింది. గంటలో యాంటెన్నా బిగించి, గోడకి తీగ దించి, గదిలోకి చిల్లు వేసి దిగింది. ఆ గంటలో ఆయన మూడుసార్లు మెట్ల దాకా వచ్చి, “గట్టిగా బిగించమ్మా, కదలకూడదు,” అన్నాడు.

“అయిపోయింది సార్. కంప్యూటర్ దగ్గర ఒక్కసారి సిగ్నల్ చూసుకుంటే నా పని పూర్తవుతుంది.”

“అయ్యో, దానికేం భాగ్యం! రామ్మా,” అంటూ అదే నవ్వుతో ముందుకు నడిచాడు.

గది ముందు ఆగి, జేబులోంచి తాళంచెవి తీశాడు.