కొర్రీల తాత

"అమ్మాయ్, ఆ బొమ్మ వంకరగా ఉంది."

మూడో గది కాపలా అమ్మాయి కుర్చీలోంచి లేవకుండానే తలెత్తి చూసింది. ఎదురుగా ఓ పెద్దాయన. ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో చెక్క స్కేలు.

"మోడరన్ ఆర్ట్ తాతగారూ. వంకరగానే ఉంటుంది."

"బొమ్మ సంగతి వేసినాయనకీ దేవుడికీ తెలియాలి. నేననేది ఫ్రేము సంగతి. ఎడమపక్క అరంగుళం దిగింది."

ముట్టుకోకుండా కొలిచి చూపించాడు. నిజంగానే అరంగుళం.

ఆమె నవ్వేసి ఫ్రేము సరిచేసింది. అక్కడితో అయిపోయిందనుకుంది. ఆయన మాత్రం గుమ్మం దగ్గరున్న సందర్శకుల పుస్తకం తెరిచి, ఊదా సిరాతో గుండ్రటి అక్షరాల్లో రాశాడు: 'మూడో గది. ఫ్రేము వంకర. గమనించవలెను.'

అది మొదటి కొర్రీ.

ఆ ఆర్ట్ గ్యాలరీ ఒకప్పుడు పోస్టాఫీసు. ఉత్తరాలు వేరుచేసిన హాల్లో ఇప్పుడు రంగుల చుక్కలూ గీతలూ వేలాడుతున్నాయి. ఉత్తరాలు పడేసే ఇత్తడి నోరు మూడో గది గోడకి ఇంకా అలాగే ఉంది. కొందరు అందులో టికెట్టు ముక్కలు వేసిపోతుంటారు.

పెద్దాయన రోజూ పదింటికల్లా దిగేవాడు. బొమ్మలకేసి కన్నెత్తి చూసేవాడు కాదు. తలుపులు వేసి తీసేవాడు, కిటికీ రెక్కలు కదిపేవాడు, గోడమీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. పోతూపోతూ పుస్తకంలో ఓ కొర్రీ పడేసేవాడు.

'వెనక తలుపు కిర్రుమంటున్నది. నూనె వేయవలెను.'

'ఇత్తడి నోట చెత్త. తీయవలెను.'

అందరూ ఆయనకి కొర్రీల తాత అని పేరు పెట్టేశారు. వాళ్లకి చెలగాటం, ఆమెకి ప్రాణసంకటం. ఎందుకంటే ఆమెది ఆర్నెల్ల ఉద్యోగం. ఖాయం చేస్తారో, ఇంటికి పంపిస్తారో నెలాఖరుకి తేలుతుంది. సందర్శకుల పుస్తకం చూసే తేలుస్తానని డైరెక్టరు ముందే చెప్పాడు. ఆ పుస్తకంలో మూడో గది మీద అప్పటికే పదిహేడు కొర్రీలు!

పద్దెనిమిదో రోజు ఆయన పెన్ను మూత తీస్తుంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది.

"తాతగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇంక రాకండి. ఆ పుస్తకం చూసే నన్ను ఖాయం చేస్తారు. మీ కొర్రీలకి నా ఉద్యోగం ఊడేట్టుంది."

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో తల్లీ! ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"చెబితే మానేసేవారా?"

"మానేవాణ్ణి కాదనుకో. కాస్త చిన్న అక్షరాలతో రాసేవాణ్ణి."

ఆమెకి నవ్వు రాలేదు.

"ఎలాగూ రేపు పొద్దున్న బండికి మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నానమ్మా. ఈ ఊళ్లో ఇల్లు కూడా ఖాళీ చేసేశాను. వెళ్లేలోగా ఇక్కడ అన్నీ ఓసారి సరిచూసుకుందామనీ..."

మాట సగంలో ఆపి, పుస్తకంలో ఏదో ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. అదేమిటో చూసే ఓపిక కూడా ఆమెకి లేకపోయింది. పీడ విరగడైందనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం డైరెక్టరు పిలిచాడు. బల్లమీద సందర్శకుల పుస్తకం. పక్కనే తాడు కట్టిన పాత ఫైలు. ఇవాళే ఇంటికి పంపించేస్తాడనుకుంది ఆమె.

డైరెక్టరు మాత్రం పడీపడీ నవ్వుతున్నాడు.

"రామ్మా, నువ్వూ విను. మునిసిపల్ ఆఫీసులో పాత బీరువాలు ఖాళీ చేస్తుంటే దొరికిందట. మన భవనాన్ని కూలగొట్టి దుకాణాలు కట్టాలన్న ఫైలు!"

"కూలగొట్టాలన్నారా?"

"అన్నారు. కూలగొట్టనిస్తేగా ఆ గుమాస్తా! ఏడాదికో కొర్రీ వేశాడు. 'పటంలో ఉత్తరదిక్కు చూపలేదు. తిప్పి పంపడమైనది.' మరుసటేడు, 'తలుపులు నలభై మూడా, నలభై నాలుగా? లెక్కించి తెలుపవలెను.' ఇలా పంతొమ్మిదేళ్లు! ఈలోగా భవనానికి నూరేళ్లు నిండాయి. నూరేళ్ల కట్టడాన్ని కూల్చకూడదని చట్టం. నూరేళ్లు నిండితే మనిషి పోతాడు గానీ, ఇది బతికిపోయింది. ఆయనగారి చాదస్తం పుణ్యమా అని మనందరికీ ఉద్యోగాలు!"

ఆమె ఫైలుకేసి చూసింది. ఊదా సిరా. గుండ్రటి అక్షరాలు.

గబగబా సందర్శకుల పుస్తకం తెరిచి పక్కన పెట్టింది. డైరెక్టరు నవ్వు ఆగిపోయింది.

"ఈయన ఇక్కడికి వస్తున్నాడా? పిలుచుకురామ్మా! పేరేమిటి?"

"అడగలేదు సార్. నిన్ననే... ఇంక రావద్దన్నాను. పొద్దున్న బండికి ఊరు విడిచి వెళ్లిపోయారు."

ఫైల్లో కూడా పేరు లేదు. సంతకం చోట ఓ మెలిక, అంతే. ఆమెకి సిగ్గుతో తల వాలిపోయింది.

డైరెక్టరు పుస్తకంలో ఆఖరి పేజీ తిప్పి పైకి చదివాడు.

"'మూడో గది కాపలా అమ్మాయి మీద కొర్రీ ఏమీ లేదు. ఖాయం చేయవచ్చును.'"

పుస్తకం ఆమెకేసి తిప్పి చూపించాడు.

"పంతొమ్మిదేళ్లు ఒక్క కాగితం కదలనివ్వనివాడు నిన్ను పాస్ చేసేశాడు. ఇంక ఆపడానికి నేనెవర్నమ్మా?" అన్నాడు డైరెక్టరు.

ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఫైలు మూయబోతూ ఆగింది. ప్రతి కొర్రీ కిందా పెన్సిలుతో, కంటికి ఆననంత చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసింది.

ఉత్తరదిక్కు కొర్రీ కింద, 'నూరేళ్లకు ఇంకా పంతొమ్మిది.'

తలుపుల కొర్రీ కింద, 'ఇంకా పద్దెనిమిది.'

ఆఖరి కొర్రీ కింద, 'ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు తల్లీ, నిన్నెవరూ కూల్చలేరు.'