యంకమ్మ తిట్లు

"సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి సార్. మనిషి గొంతు ఇంటే నీటికుక్కలు బయటికి రావు," అన్నాడు గైడు బసన్న.

రెండు గంటలుగా కృష్ణా నది ఒడ్డున బండ మీద ఊపిరి బిగబట్టి కూర్చున్న పర్యాటక దంపతులు ఇంకాస్త బిగబట్టారు.

అప్పుడే బసన్న భార్య యంకమ్మ వల లాగడానికి వచ్చింది. నీళ్లలో దిగుతూనే మొదలుపెట్టింది.

"మీ నోట్ల మన్నువడ! నిన్న గూడ వల కొరికి చేపలన్నీ మింగిన్రు గదరా!"

నదిలో ఐదు తలలు లేచాయి. ఆమె వైపే హుషారుగా ఈదుకొచ్చాయి.

దంపతులు కెమెరాలెత్తారు.

యంకమ్మ చేతిలో వల ఆగిపోయింది. "ఇన్నేండ్లు తరుముతున్ననుకున్న. పిలుస్తున్ననా ఏంది?"

"ఇంకోసారి తిట్టు. సార్‌వాళ్లు వీడియో తీసుకుంటరు," అన్నాడు బసన్న, గొంతు తగ్గించకుండానే.

యంకమ్మ నోరు తెరిచింది. పెళ్లయిన నాటి నుంచి మొదటిసారి ఆమెకు తిట్టు దొరకలేదు.